పుప్పొడి గడ

మా నాన్న గడకర్రను తోజర్ పట్నం బజారులో, నౌఫెల్ కొట్టు అద్దాల వెనక చూశాను. రంజాన్‌కి ఇంకా వారం ఉంది. నేను వెళ్ళింది తోటలో పంపుకి వాషర్ కొనడానికి. కొట్టు ముందు నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. అదే పొడవు, చివర అదే వంపు, కింద అదే రబ్బరు బుడ్డి. నాన్న చేసినదానికి అక్కడక్కడా తుప్పు మరకలున్నాయి. ఇది తళతళలాడుతోంది. మధ్యలో ఎర్ర చీటీ, చీటీ మీద నౌఫెల్ ఇంటిపేరు.

నౌఫెల్ నవ్వుకుంటూ బయటికొచ్చాడు. పంపులు, గొట్టాలు, ఎరువులు అమ్ముతాడు. ఈ చుట్టుపక్కల తోటలవాళ్ళకి అతని కొట్టు తప్ప దిక్కు లేదు.

“ఏమ్మా మబ్రూకా, నాన్న కులాసానా? కాలు కుదురుకుందా?”

“కాలు సంగతి తర్వాత. ఇదేంటి?”

“పుప్పొడి కొట్టే గడ. కొత్త సరుకు.”

“కొత్తదా? నిరుడు ఒక్కరోజు పనుందని మా ఇంటి గోడకి ఆనించినదాన్ని ఎత్తుకుపోయావే, అప్పుడు ఇది ఎవరిది?”

“ఎత్తుకుపోవడమేంటి తల్లీ! అడిగాను, ఇచ్చారు. మర్నాడు తెచ్చిచ్చాను.”

అతనన్నది నిజమే, అదే నా ఒళ్ళు మండించింది. మా ఊరు దగాష్‌లో పూత రోజుల్లో పనిముట్టు అడిగితే లేదనకూడదు. ఖర్జూరపు ఆడ గెల విచ్చుకున్నాక మూడు నాలుగు రోజులే ఆగుతుంది. ఆలోగా పోతు చెట్టు పుప్పొడి దాని మీద పడకపోతే ఆ ఏడాదికి పీచు కాయలే. అందుకని కొడవలైనా, తాడైనా, మోకైనా, పగవాడు అడిగినా ఇచ్చేస్తాం. నాన్న గడ అలాగే నిరుడు ఊళ్ళో ఇరవై తోటలు తిరిగింది. తిరిగితిరిగి నౌఫెల్ చేతిలోనూ పడింది.

వాషర్ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

మా నాన్న బెల్గాసెమ్ నలభై ఏళ్ళు చెట్లెక్కిన మనిషి. పూత రోజులొస్తే తెల్లారకముందే మా గుమ్మంలో జనం ఉండేవాళ్ళు, ముందు మా తోటకి రా అంటే మా తోటకి రమ్మని. మూడేళ్ళ కిందట పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆ తర్వాత గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఏడాది పాటు గోడవారన ముక్కాలి పీట మీద కూచుని, ఎవరు పలకరించినా ఊఁ అని ఊరుకునేవాడు. ఒక చలికాలం ఉన్నట్టుండి ఇనప గొట్టాలు, రబ్బరు బుడ్డి తెప్పించుకుని ఈ గడ మొదలుపెట్టాడు. చెట్టెక్కకుండా కింద నిలబడి బుడ్డి నొక్కితే, పైన చివరనున్న సంచిలోంచి పుప్పొడి గెల మీద పడుతుంది.

నౌఫెల్ సంగతి చెప్తే నెమ్మదిగా అన్నాడు: “నేను చెట్టు మీంచి పడ్డ రోజే ఊళ్ళో నా పేరు కూడా పడిపోయింది. ఇది ఒక్కటి మిగిలిందనుకున్నాను.”

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. ఏమైనా సరే, నాన్న పేరు ఒక ప్రభుత్వ కాగితం మీద ఎక్కించి నౌఫెల్ కళ్ళముందు పెట్టాలనుకున్నాను. మా మేనత్త కోడలు ఇనాస్ తోజర్‌లో సాంకేతిక విద్యాలయంలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే ఫోన్ చేశాను.

“పేటెంట్ తీసుకోవాలి” అంది ఇనాస్. “కాకపోతే మీరు ఊరందరికీ చూపించేశారు, అదే చిక్కు. చూపించిన రోజునుంచి ఏడాదిలోపు దరఖాస్తు రాజధానిలో, ట్యూనిస్ పేటెంట్ కార్యాలయంలో పడాలి. ఏడాది దాటిందో, ఇక అది ఎవరైనా చేసుకోవచ్చు. మొదట చూపించింది ఎప్పుడు?”

“నిరుడు రంజాన్ మూడో రోజు” అన్నాడు నాన్న పక్కనుంచి. “మన తోటలోనే. ఇరవైమంది ఉన్నారు.”

“అంటే వచ్చే రంజాన్ మూడుకి ఏడాది. పది రోజులు కూడా లేవు” అన్నాను నేను.

“అయితే ఇంకా నాతో కబుర్లెందుకు? బొమ్మలు గీయండి!” అని ఇనాస్ ఫోన్ పెట్టేసింది.

గీశాం. నాన్న గీసిన బొమ్మ చేపలు పట్టే గాలంలా వచ్చింది. నేను గీసింది అంతకన్నా అధ్వాన్నం. ఇనాస్ వచ్చి గీస్తానంది గానీ ఆమెకి పరీక్షల పని పడింది. రంజాన్ నెలపొడుపు కనిపించింది. ఒకటో రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మూడో రోజు మధ్యాహ్నానికి మా చేతిలో నాలుగు పాడైన కాగితాలు తప్ప ఏమీ లేవు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నౌఫెల్ బండి మా తోట ముందు ఆగింది. వెనక తళతళలాడే గడలు, నలభైకి తక్కువుండవు. ఉపవాసం కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే అతనికి టీ కూడా ఇవ్వాల్సి వచ్చేది.

“బెల్గాసెమ్ అన్నా, ఇవాళ్టితో ఏడాది” అన్నాడు నౌఫెల్, పెళ్ళికి పిలవడానికి వచ్చినవాడిలా. “నేనూ పట్నంలో కనుక్కున్నాను, ఊరికే మొదలుపెట్టే రకాన్ని కాను. నువ్వు దరఖాస్తు పెట్టలేదుగా? అయితే ఇది ఇక గాలిలాంటిది. నీదీ, నాదీ, అందరిదీ.”

“అందరిదైతే చీటీ మీద నీ పేరెందుకు?” అన్నాను.

“నీ కూతురికి నోరు బాగానే ఉందన్నా. చూడు, నాకు నీ మీద గౌరవం. ఊరూరా తోటల్లో దీన్ని ఎలా వాడాలో చూపించే మనిషి కావాలి. కూచునే చూపించొచ్చు. బండి నేనే పంపుతా. ఏమంటావు?”

నాన్న కాదంటాడని చూశాను. కర్ర కొనతో నేల మీద గీతలు గీస్తూ, “ఆలోచిస్తా” అన్నాడు.

అమ్మ ఆ పక్క చెట్టు కింద మా తుప్పు గడ పట్టుకుని గెలలకి పుప్పొడి కొడుతోంది. మా అమ్మ హనియా మాటల మనిషి కాదు. పని ఆపకుండా, ఇటు తిరక్కుండా అంది: “మా ఆయన కూచుని చూపించే వయసుకి ఇంకా రాలేదు నౌఫెల్. బండి తిప్పుకో. దుమ్మంతా విచ్చుకున్న గెలల మీద పడుతోంది.”

నౌఫెల్ నవ్వి, బండి తిప్పుకుని పోయాడు.

నేను ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను. నిరుడు మొదటిరోజు నాన్నని ఫోటో తీశాను. మీసం నిండా పుప్పొడి, చేతిలో గడ, వెనక ఇరవైమంది. దాన్ని నౌఫెల్‌కి పంపి నాలుగు మాటలు దులిపేద్దామని ఫోన్‌లో వెతికాను. దొరికింది. ఫోటో పైన తేదీ ఉంది. మార్చి ఇరవై అయిదు.

గోడ మీద క్యాలెండర్ చూశాను. ఆ రోజు మార్చి పద్నాలుగు.

నేను పురపాలక కార్యాలయంలో జనన మరణాలు రాసే గుమాస్తాని. పొద్దస్తమానం తేదీలు రాయడమే నా పని. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. అయినా నాన్న “మూడో రోజు” అనగానే నేను “ఏడాది” అనేశాను. రంజాన్ అనగానే మా తలల్లో ఇంకో లెక్క ఉండదు. నౌఫెల్ తలలోనూ లేదు. ట్యూనిస్ కార్యాలయం మాత్రం నెలవంక చూసి ఏడాది లెక్కపెట్టదు.

చెప్పుల్లేకుండా తోటలోకి పరిగెత్తాను.

“నాన్నా, ఏడాది కాలేదు!”

“ఇవాళ మూడో రోజేగా?”

“రంజాన్‌కి ఏడాది అయింది. వాళ్ళకి కాలేదు. ఇంకా పదకొండు రోజులుంది!”

నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళు చికిలించి చూశాడు. వేళ్ళ మీద లెక్కేశాడు. మళ్ళీ లెక్కేశాడు. “అయితే నౌఫెల్‌కీ తెలీదన్నమాట” అని నవ్వాడు. నాన్న నవ్వు చూసి ఎంతకాలమైందో!

“వాడికి చెప్పకండి” అంది అమ్మ, తర్వాతి చెట్టు కిందికి నడుస్తూ.

శనివారం ఇనాస్ వచ్చింది. గడను నేల మీద పడుకోబెట్టి ముక్కముక్కా విప్పించింది. నాన్న పక్కనే చాప మీద కూచుని ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు, గొంతులో పాత ఠీవి వచ్చేసింది.

“బాబాయ్, ఏమీ అనుకోకు” అంది ఇనాస్. “గడ పాతదే. బుడ్డితో గాలి కొట్టడమూ పాతదే, వేరే దేశాల్లో ఎప్పుడో చేశారు. వీటికి పేటెంట్ రాదు.”

నాన్న మొహం వాడిపోయింది. “మరి?”

“అదే చూస్తున్నాను. అలాంటి గడల్లో పుప్పొడి ముద్దగా పడి సగం వృథా అవుతుందంటారు. మీదాంట్లో ఎందుకు పడదు?”

చివరనున్న సంచి విప్పి, లోపలిది బయటికి తిప్పింది. రెండు పొరలు. లోపలిది మేజోడు గుడ్డ, పైది రవ్వ జల్లించే జల్లెడ పట్టు. రెంటి మధ్యా చిన్న మడత వేసి కుట్టు ఉంది. ఇనాస్ నోటితో గాలి ఊది చూసింది. గాలి కొట్టగానే మడత తెరుచుకుని, చిటికెడు పొడి వదిలి, టక్కున మూసుకుంది. మళ్ళీ ఊదింది. మళ్ళీ చిటికెడే.

“ఇదీ!” అని ఎగిరి గంతేసినంత పని చేసింది. “ఇది ఎక్కడా లేదు. దరఖాస్తు అంతా ఈ మడత గురించే రాయాలి. నౌఫెల్ కూడా దీన్ని విప్పి చూసే కుట్టించుకునుంటాడు. ఈ మడత ఎవరికి తట్టింది?”

“నాన్నకే” అన్నాను నేను. “అంతా నాన్నదే.”

అమ్మ ఇరవై అడుగుల దూరంలో మగ పూరెమ్మలు కట్టలు కడుతోంది. ఆ మాట వినపడే ఉంటుంది. తలెత్తలేదు. నాన్న నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఇనాస్ బొమ్మలు గీసి, ‘ఆవిష్కర్త’ అన్నచోట నాన్న పేరు రాసుకుంది.

అబద్ధమని నాకు తెలుసు. ఆ చలికాలం నాన్న బుడ్డి నొక్కినప్పుడల్లా ఒక చెట్టు పుప్పొడంతా రెండు నొక్కులకే నేలపాలయ్యేది. నాన్న గడను విసిరికొట్టేవాడు. అమ్మ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు తన జల్లెడ చింపి, సూదీ దారం తీసుకుని గుమ్మంలో కూచుంది. నాలుగు సంచులు కుట్టి విప్పింది, అయిదోది ఉంచింది. “నీ బుడ్డికి ఆగడం తెలీదు, నేర్పించాను” అని నాన్న ఒళ్ళో పడేసి వంటకి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉన్నాను. అంతా కళ్ళారా చూశాను.

చూసి కూడా ఎందుకలా అన్నానంటే, నాన్నకి ఏదో ఒకటి కావాలి. అమ్మకి అక్కర్లేదనుకున్నాను. నాకు సిగ్గేసింది. సాయంత్రం ఉపవాసం విడవడానికి చోర్బా సూపు కలుపుతున్న అమ్మ పక్కన చేరి, “కోపమొచ్చిందా?” అన్నాను.

“కోపం తెచ్చుకునే తీరికెక్కడుంది? రోజుకి ఏడెనిమిది గెలలు విచ్చుకుంటున్నాయి.”

“అమ్మా, నిజం చెప్పు.”

గరిటె తీసి గిన్నె అంచుకి తట్టింది. “మీ నాన్నకి ఆ కాగితం కావాలి. తెచ్చుకోనీ” అంది. కోపం లేదని మాత్రం అనలేదు.

ఆ వారమంతా ఇల్లు కచేరీ అయిపోయింది. నేను ఆఫీసు నుంచి రాగానే రాయడం, ఇనాస్ ఫోన్‌లో దిద్దడం, మళ్ళీ రాయడం. మడత ఎంత వెడల్పు, కుట్టు ఎన్ని పోగులు, గాలి ఎటు పోతుంది. కొలతలు అడిగితే నాన్న తడుముకునేవాడు. అమ్మ చెట్టు కిందనుంచే, “బొటనవేలి గోరంత” అనో, “ఏడు కుట్లు, ఎనిమిదైతే బిగుసుకుపోతుంది” అనో చెప్పేది. అమ్మ చెప్పిందే నేను రాసేదాన్ని. రోజురోజుకీ నాన్న మాట తగ్గిపోయింది. గడువు భయం కాబోలు అనుకున్నాను.

కాగితాలన్నీ సిద్ధమయ్యేసరికి ఆదివారం సాయంత్రమైంది. సోమవారమే ఆఖరి రోజు.

“మీ అమ్మ కూడా వస్తుంది” అన్నాడు నాన్న.

“నేనెందుకు? చెట్లెవరు చూస్తారు?” అంది అమ్మ.

“ఒక్కరోజు నా తమ్ముడు లజ్‌హర్ చూస్తాడు. బస్సు దిగేటప్పుడు నన్ను పట్టుకోవడానికి మనిషి కావాలి.”

“మబ్రూకా ఉందిగా.”

“మబ్రూకా వెనక్కి చూడకుండా నడుస్తుంది. దాన్ని నమ్ముకుంటే నా రెండో తుంటి కూడా పోతుంది.”

అమ్మ గొణుక్కుంటూ గుర్తింపు కార్డు సంచిలో వేసుకుంది.

తెల్లవారుజామున బయల్దేరిన బస్సు కైరవాన్ దాటాక టైరు పేలి గంటన్నర ఆగిపోయింది. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ డ్రైవర్ని, టైరుని, నౌఫెల్‌ని, రంజాన్ కదా అని మనసులోనే తిట్టాను. ట్యూనిస్‌లో దిగేసరికి ఒకటిన్నర. రంజాన్ నెలలో కార్యాలయాలు రెండున్నరకి మూసేస్తారు. టాక్సీ పట్టుకున్నాం. రెండంతస్తుల మెట్లు. నాన్న కర్ర ఒక చేత్తో, అమ్మ భుజం ఒక చేత్తో పట్టుకుని ఎక్కాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. గుమాస్తా కిటికీ ముందుకి చేరేసరికి గడియారంలో రెండూ అయిదు.

గుమాస్తా కళ్ళద్దాల పెద్దమనిషి, ఆకలి మీదున్నా మర్యాదగానే ఉన్నాడు. బొమ్మలు చూశాడు, పేజీలు లెక్కపెట్టాడు. “అన్నీ ఉన్నాయి. సుబ్బరంగా రాశారు. ఆవిష్కర్త, దరఖాస్తుదారు, బెల్గాసెమ్. మీరేనా హాజీ? ఇక్కడ సంతకం” అని కలం చాపాడు.

నాన్న కలం అందుకోలేదు. రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని నిలబడ్డాడు.

“పేరు తప్పు పడింది” అన్నాడు.

“నాన్నా!” అన్నాను.

“ఏం తప్పు?” అన్నాడు గుమాస్తా.

“ఆ కాగితాల్లో రాసిందంతా సంచి గురించి. ఆ సంచి నేను చేయలేదు. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఈవిడ చేసింది.”

అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని లాగింది. “ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా? ఇంత దూరం వచ్చి! పెట్టు సంతకం.”

గుమాస్తా గడియారం కేసి చూశాడు. “పేరు మార్చాలంటే ఫారం మొత్తం కొత్తగా రాయాలి హాజీ. నాలుగు పేజీలు. మేం రెండున్నరకి మూసేస్తాం. ఇందులో తేదీ చూస్తే మీ గడువు ఇవాళే కదా? ఇప్పటికి ఇలా ఇచ్చెయ్యండి. తర్వాత తీరిగ్గా వచ్చి దిద్దించుకోవచ్చు.”

“అవును నాన్నా, తర్వాత దిద్దిద్దాం” అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినపడింది.

నాన్న నాకేసి తిరిగాడు. “తర్వాత నాకు మనసొప్పకపోతే?” అన్నాడు.

“కొత్త ఫారం ఇవ్వండి” అని చెయ్యి చాపాను.

కిటికీ అరుగు మీదే పెట్టుకుని రాశాను. అమ్మ పేరు, అమ్మ తండ్రి పేరు, కార్డు మీద నెంబరు. ‘వృత్తి’ దగ్గర కార్డులో గృహిణి అని ఉంది. రాయబోయి ఆగి అమ్మ వైపు చూశాను.

“ఖర్జూరం తోట పని అని రాయి” అంది అమ్మ. అప్పటికి లాగడం మానేసింది.

రెండూ ఇరవైకి రెండో పేజీ అయింది. వెనక ఎవరో లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు. గుమాస్తా, “ఈ ఒక్కటీ ఉంచవయ్యా, వీళ్ళది అవుతోంది” అని అరిచాడు. రెండూ ఇరవై ఆరుకి నాలుగో పేజీ ముగించి ఇచ్చాను. అతను గబగబా చూసి, తలూపి, అలవాటు చొప్పున కలం మళ్ళీ నాన్న వైపే చాపాడు.

“నాకెందుకయ్యా ఇస్తావు?” అన్నాడు నాన్న. “నేను తోడొచ్చాను.”

అని పక్కకి జరిగి కిటికీ ముందు చోటిచ్చాడు. అమ్మ కలం అందుకుంది. “ఎక్కడ పెట్టాలి బాబూ?” అని అడిగింది. గుమాస్తా వేలు పెట్టి చూపించాక కూడా రాయకుండా ఒక్క క్షణం నాన్న మొహంలోకి చూసింది. తర్వాత వంగి, తొందరపడకుండా, హనియా అని పూర్తిగా రాసింది.